ఫ్లారెన్సు నైటింగేలు లెక్కల పుస్తకము

ఫ్లారెన్సు నైటింగేలు పేరు వినని సోదరి మనలో నుండదు. చేత దీపము ధరించి, అర్ధరాత్రమున గాయపడిన సైనికుల మంచముల నడుమ తిరుగుచున్న ఆ యాంగ్లవనిత చిత్రమును చిన్ననాడే పాఠపుస్తకములలో చూచియున్నాము. దయామయి యని, దీపధారిణి యని ఆమెను కొనియాడుదుము. ఆ పొగడ్త అసత్యము కాదు. కాని ఆమె గొప్పతనమునకు మూలమైన వేరొక వస్తువును ఆ చిత్రకారులు మనకు చూపలేదు. అది లెక్కల పుస్తకము. దీపము పట్టి ఆమె సేవ చేసినది రెండేండ్లు మాత్రమే. లెక్కలు పట్టి పోరాడినది నలువది యేండ్లకు తక్కువ కాదు.

నాయకత్వమనగా వేదిక నెక్కి గంభీరముగా మాటలాడుట యని పలువురు తలతురు. సంగతిని సాంతముగా తెలిసికొనుట, తెలిసినది నిజమగునో కాదో పరీక్షించుకొనుట, దానిని ఎవరికి, ఎప్పుడు, ఏ రూపమున చెప్పిన పని నెరవేరునో గ్రహించుట - ఈ మూడును లేనిచో ఎంతటి వాగ్ధాటియైనను వ్యర్థమే. వోటు లేక, పదవి లేక, జీవితమున పెక్కేండ్లు రోగశయ్యపై గడపిన యొక స్త్రీ ఈ మూడింటి బలముచేతనే సామ్రాజ్య ప్రభుత్వమును కదలించెను. ఆ వృత్తాంతమును ఈ మాసము మా పాఠకురాండ్రకు విన్నవింప దలచితిమి.

బాల్యము, చదువు

ఆమె 1820వ సంవత్సరము మే నెల 12వ తేదీన ఇటలీదేశమందలి ఫ్లారెన్సు నగరమున జన్మించెను. ఆ యూరి పేరే బిడ్డకు పెట్టిరి. తలిదండ్రులు ఆంగ్లేయులు, సంపన్నులు. తండ్రి విలియము తానే గురువై కుమార్తెలకు గ్రీకు, లాటిను భాషలను, చరిత్రను, తత్త్వశాస్త్రమును బోధించెను. ఫ్లారెన్సు మనస్సు గణితమువైపు మొగ్గెను. ఆడుపిల్లకు గణిత మెందులకని ఇంటివారు సంశయించిరి. అయినను ఆమె పట్టు విడువలేదు.

రోగుల సేవకు పోవుదు నన్నప్పుడు ఇంతకంటె పెద్ద తుపాను రేగెను. ఆనాటి ఇంగ్లండులో వైద్యశాలల పరిచారికలకు మంచిపేరు లేదు. గౌరవకుటుంబముల కన్యలు ఆ గడప త్రొక్కరాదనుచుండిరి. ఆమె తనకు వచ్చిన మంచి సంబంధమును కాదనెను. ఏండ్ల తరబడి ఇంటిలోనే యుండి, తెల్లవారకముందే లేచి, దీపపు వెలుతురున వైద్యశాలల నివేదికలను, ప్రభుత్వము ప్రకటించిన ఆరోగ్య వివరములను చదివి టిప్పణములు వ్రాసికొనెను. ఇంటిలో అందరును నిద్రించు వేళయే ఆమె కళాశాల. 1853లో లండను నగరమున స్త్రీల కొరకై నడుపబడుచున్న యొక చిన్న వైద్యాలయమునకు అధికారిణి యగునాటికి ఆమెకు ముప్పదిమూడేండ్లు; వైద్యశాలల స్థితిగతులను గూర్చి ఆమెకున్నంత పరిజ్ఞానము ఆ దేశమున కొలదిమందికే యుండెను.

స్కుటారి వైద్యశాల

రష్యాతో క్రిమియాయందు జరుగుచున్న యుద్ధమున బ్రిటిషు సైనికులు దిక్కులేక చచ్చుచున్నారని 1854లో లండను పత్రికలు వ్రాసెను. యుద్ధశాఖ మంత్రులలో నొకడైన సిడ్నీ హెర్బర్టు ఆమె మిత్రుడు. అతని కోరికపై ఆమె 38 మంది పరిచారికలతో అక్టోబరు 21న బయలుదేరి, నవంబరు 4న కాన్‌స్టాంటినోపులు కెదుటి యొడ్డుననున్న స్కుటారి చేరెను. నేటి ఇస్తాంబూలు మహానగరములో అది యొక భాగము.

అక్కడ నున్నది వైద్యశాల యన నొప్పదు. సైనికులు కాపురముండుటకై కట్టిన పెద్ద కొట్టము. మంచములు చాలవు, గుడ్డలు లేవు, ఉదుకువారు లేరు, కంచములు లేవు. నేలక్రింద మురుగు గుంటలు నిండి గాలి విషమైయుండెను. డాక్టరులు మొదట ఈ స్త్రీలను రోగుల దరికి రానీయలేదు. ఆమె వారితో కలహింపలేదు. వంటయింటిని చక్కబెట్టెను, ఒక యిల్లు అద్దెకు తీసికొని, సైనికుల భార్యలచే బట్టలుదికించు నేర్పాటు చేసెను. కావలసిన వస్తువులకు పట్టీలు వ్రాసి, ఏది వచ్చినది, ఏది రాలేదు, ఏ గిడ్డంగిలో ఏది తాళము వేయబడి మూల్గుచున్నది అను సంగతులను మంత్రికి ఉత్తరములలో తెలుపుచుండెను.

ఆమెను అన్నింటికంటె కలవరపరచినది మృతుల లెక్క. మరణములను వ్రాయు దస్తరములు మూడుండెను. మూడింటిలోను మూడు వేరు వేరు మొత్తములు. ఏ దస్తరమునకును ఎక్కకయే పూడ్చబడినవారు నుండిరి. ఎందరు చచ్చిరో తెలియనిచోట ఏల చచ్చిరో ఎట్లు తెలియును? ఏల చచ్చిరో తెలియనిచోట తక్కినవారిని బ్రదికించుట యెట్లు? ఆమె లెక్కలను ఒక క్రమమునకు తెచ్చుటకు పూనుకొనెను.

ఇక్కడ ఒక సంగతిని దాచక చెప్పవలసియున్నది. ఆమె వచ్చినంతమాత్రమున చావులు తగ్గలేదు, పెరిగెను. 1855 ఫిబ్రవరిలో వైద్యశాలయందు చికిత్స పొందినవారిలో నూటికి 42 మంది చచ్చిరి. మార్చి నెలలో ప్రభుత్వము పంపిన ఆరోగ్యసంఘమువారు వచ్చి మురుగు కాలువలను కడిగించి, నీటి దారిలో క్రుళ్లుచున్న గుఱ్ఱపు కళేబరమును తీయించి, గోడలకు సున్నము కొట్టించి, గాలి వచ్చుటకు మార్గములు తెరపించిరి. జూను నాటికి నూటికి ఇరువురు మాత్రమే చచ్చుచుండిరి. దయ, శుశ్రూష, మంచి యాహారము - ఇవన్నియు కావలసినవే. కాని నేలక్రింది మురుగు తొలగనంత వరకు అవి చాలలేదు.

తన తలపును తానే దిద్దుకొనుట

1856 ఆగస్టులో ఆమె స్వదేశము చేరునప్పటికి ఆమె కీర్తి ఇంటింటను మారుమ్రోగుచుండెను. ఆ కీర్తితో సుఖముగా కూర్చుండియుండవచ్చును. ఆమె అట్లు చేయలేదు. జనన మరణముల లెక్కలను చూచు ప్రభుత్వ కార్యాలయమున విలియము ఫారు అను గణకశ్రేష్ఠుడుండెను. అతనితో కలసి యుద్ధకాలపు అంకెలన్నియు ముందు వేసికొని కూర్చుండెను.

స్కుటారినుండి వ్రాసిన యుత్తరములలో ఆమె ఆహారలోపమును, బట్టల కొరతను, రోగులను ఆలస్యముగా చేర్చుటను ఎక్కువగా నిందించియుండెను. అంకెలు కూడినపిమ్మట మురుగును, చెడుగాలిని, ఇరుకును మరింత గట్టిగా నిందింప వలసివచ్చెను. తన కన్నుల యెదుట చచ్చిన వేలమందిలో పలువురు బ్రదుకదగినవారే యని, తానున్న భవనమే వారిని చంపెనని తెలిసికొనుట ఆమెకు మానని గాయమయ్యెనని చరిత్రకారులు కొందరు వ్రాసిరి. కీర్తి గడించినవారు తమ తొలి యభిప్రాయమును మార్చుకొనుట అరుదు. లోకమునకు చెప్పబోవు సత్యమును ముందు తనకు చెప్పుకొనుటయే ఆమె ధైర్యము. ఆమెకును పొరపాట్లు లేకపోలేదు. అంటువ్యాధులు సూక్ష్మక్రిములచే వ్యాపించునను మాటను చాలకాలము నమ్మక దుర్గంధమే కారణమని తలచెను. కాని శుభ్రతను గూర్చిన ఆమె యంకెలు మాత్రము సరియైన దారినే చూపెను.

పండ్రెండు ముక్కల పటము

ఆ యుద్ధమున బ్రిటిషువారిలో శత్రువుచే చచ్చినవారును, గాయములచే చచ్చినవారును కలసి అయిదు వేలకు లోపు. వ్యాధులచే చచ్చినవారు సుమారు 16,000 మంది. 1855 జనవరి నెలను మాత్రము చూతము. సైన్యమున నున్నవారు 32,393 మంది. ఆ నెలలో గాయములచే చచ్చినవారు 83. నివారింపదగిన వ్యాధులచే చచ్చినవారు 2,761. ఏడాది గడచి మరల జనవరి వచ్చెను. సైన్యము 44,212కు పెరిగెను. అట్టి వ్యాధులచే చచ్చినవారు 42 మంది మాత్రమే. వైద్యశాలలును, శిబిరములును శుభ్రపడుటయే ఈ మార్పునకు ముఖ్యకారణమని ఆమె చూపెను.

అయితే అంకెల పట్టికను చేతికిచ్చిన రాణిగాని, మంత్రులుగాని చదువుదురా? చదువరని ఆమెకు తెలియును. అందుచేత అంకెలను బొమ్మగా మార్చెను. ఒక బొబ్బట్టును నడుమనుండి పండ్రెండు ముక్కలుగా కోసినట్లు భావింపుడు. ఒక్కొక్క ముక్క ఒక్కొక్క నెల. ఎక్కువమంది చచ్చిన నెల ముక్క వెలుపలికి పెద్దదిగా సాగును. తక్కువమంది చచ్చిన నెల ముక్క చిన్నదై కేంద్రమువద్ద ముడుచుకొనును. నివారింపదగిన వ్యాధులకు నీలిరంగు, గాయములకు ఎఱుపు, తక్కినవానికి నలుపు. చూచిన క్షణముననే నీలిరంగు కన్నులను క్రమ్మివేయును. యుద్ధమనగా ఎఱుపే యని తలచినవారికి, ఎఱుపు ఇంత స్వల్పమా యని గుండె ఝల్లుమనును.

మొదట వేసిన పటములో ఒక దోషముండెను. కేంద్రమునుండి గీత పొడవును బట్టి మృతులను చూపుటచే, చూపరుల కన్ను వైశాల్యమును చూచి ఉన్నదానికంటె ఎక్కువగా భ్రమించును. ఆ దోషము ఆమె వాదమునకే బలము చేకూర్చునట్టిది. అయినను దానిని అట్లే యుంచక, వైశాల్యమే సంఖ్యకు సరిపోవునట్లు మరల గీయించెను. ఒక్క యబద్ధపు గీత దొరకిన శత్రువులు నూరు సత్యములను త్రోసివేయుదురని ఆమె యెరుగును.

సరియైన దానితో సరిపోల్చుటయు ఆమెకు తెలిసిన మరియొక విద్య. యుద్ధము లేని కాలమున, ఇంగ్లండులోనే, వైద్యపరీక్షలో నెగ్గి చేరిన పడుచువాండ్రు సైనికుల కొట్టములలో నేటేట వేయింటికి 17 మంది, 19 మంది, 20 మంది చొప్పున చచ్చుచుండిరి. అదే యీడు పౌరులలో వేయింటికి 11 మందియే. ఇది ఏడాదికి పదునొకండు వందలమంది సైనికులను మైదానమునకు తోలుకొనిపోయి తుపాకులతో కాల్చుటతో సమానమైన నేరమని ఆమె వ్రాసెను. అంకెకు ప్రాణము పోయుట యనగా ఇదియే.

ఎవరికి, ఎప్పుడు చెప్పవలెను?

1856 సెప్టెంబరులో ఆమె విక్టోరియా రాణిని దర్శించి, సైన్యపు ఆరోగ్యమును గూర్చి విచారణసంఘము కావలెనని కోరెను. రాణి ఒప్పుకొనెను, యుద్ధమంత్రియైన పాన్‌మ్యూరు ప్రభువు నెలల తరబడి జాగుచేసెను. అప్పు డామె తన వివరములను పత్రికల కెక్కింపలేదు. మూడు నెలలలో సంస్కరణకు నిశ్చయమైన వాగ్దానము రానిచో తన యనుభవములన్నియు ప్రకటింతునని 1857లో హెర్బర్టుకు వ్రాసెను. చెప్పిన మాటకంటె చెప్పక చేతనుంచుకొన్న మాట ఒక్కొకప్పుడు బలమైనది. ఆ సంవత్సరము మే నెలలో సంఘ మేర్పడెను.

సభ్యత్వము స్త్రీకి లేదు. హెర్బర్టు అధ్యక్షుడయ్యెను. ఏ సాక్షిని ఏమి ప్రశ్నింపవలెనో తెరవెనుకనుండి ఆమె సమకూర్చి యిచ్చుచుండెను; తన సాక్ష్యమును వ్రాతమూలముగా సమర్పించెను. ఎనిమిది వందల పుటలకు మించిన గ్రంథమును తానే వ్రాసి, 1858లో సొంతముగా అచ్చువేయించి, అక్కరకు వచ్చువారికి మాత్రమే పంపెను. సామాన్య ప్రజలకు చెప్పుటకు తాను తగననుకొనెను కాబోలు, ప్రసిద్ధ రచయిత్రియైన హారియట్టు మార్టినో అను నామెకు వివరముల నొసగెను. ఆమె 1859లో ఆ విషయముపై సులభశైలిలో పుస్తకము వ్రాసెను. రాణికి పటము, మంత్రికి గడువు, పండితునికి పట్టిక, ప్రజలకు కథ - సత్యము ఒక్కటే, తొడిగిన వస్త్రములు నాలుగు.

ఫలముగా కొట్టములు బాగుపడెను. సైన్యమున ఆరోగ్యపు లెక్కల శాఖ ఏర్పడెను. 1860లో సైనిక వైద్యపాఠశాల తెరవబడెను. 1858లో లండనులోని గణాంకశాస్త్ర సంఘమువారు ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొనిరి. ఆ సంఘమున చేరిన తొలి స్త్రీ ఆమెయే.

మనదేశముతో సంబంధము

ఆమె హిందూదేశమున ఎన్నడును కాలు పెట్టలేదు. 1857 తరువాత జబ్బుపడి గదిని వదలుటయే అరుదయ్యెను. ఆ గదియే ఆమె కచ్చేరి. ఈ దేశమందలి సైన్యపు ఆరోగ్యమును విచారించుటకు 1859లో వేరొక సంఘ మేర్పడగా, ఆమె ప్రశ్నల పట్టీని తయారుచేసి ఇచ్చటి దండుస్థావరముల కన్నింటికిని పంపించెను. త్రాగునీ రెక్కడిది? మురుగు ఎటు పోవును? ఒక్కొక్క మనిషికి ఎంత చోటు? అందరికిని ఒకే ప్రశ్నలు. అందుచేత ఒక యూరి జవాబును మరియొక యూరి జవాబుతో పోల్చుటకు వీలయ్యెను. వచ్చిన కాగితములు ఎంత పెరిగెననగా, ఇల్లు మారునపుడెల్ల వానిని తరలించుటకు రెండు బండ్లు కావలసివచ్చెడివట.

1863లో నివేదిక వెలువడెను. ఈ దేశమందలి బ్రిటిషు సైనికులలో ఏటేట వేయింటికి 69 మంది చచ్చుచుండిరని అందు తేలెను. పదేండ్ల పిమ్మట ఆ సంఖ్య 18కి దిగెనని ఆమె 1873లో ప్రకటించెను. ఇందులో ఆమె పాలెంత, ఇతరుల పాలెంత యని తూచుట కష్టమే. కాని కొలత లేకున్న తగ్గినదని చెప్పుటకైనను వీలుండెడిది కాదు.

సైనికులను చూచుటకు మొదలిడిన కన్ను వారి చుట్టునున్న పల్లెలపై నిలిచెను. ఈ దేశపు రైతుల దారిద్ర్యము, కఱవులు, నీటిపారుదల ఆమెకు నిత్యచింత యయ్యెను. మన గోదావరికి ధవళేశ్వరము వద్ద 1847 మొదలు 1852 వరకు ఆనకట్ట కట్టించిన ఆర్థరు కాటను దొరతో ఉత్తరప్రత్యుత్తరములు నడపి, నీరే ప్రాణమను అతని వాదమును బలపరచెను. 1876 మొదలు 1878 వరకు మదరాసు రాజధానిని పీడించిన మహాక్షామమున బళ్లారి, కర్నూలు, కడప సీమల జనులు మలమల మాడిన సంగతి మనవారి కెల్ల తెలిసినదే. కఱవునకు మందు కాలువలే యని ఆమెయు కాటనును ఎంత చెప్పినను దొరతనమువారు రైలుదారులకే మొగ్గు చూపిరి.

అంకె లెల్లప్పుడును గెలువవు. 1861 జనాభా లెక్కలో రోగుల సంఖ్యను, ఇండ్ల స్థితిని గూడ చేర్పవలెనని ఆమె కోరగా పార్లమెంటు త్రోసిపుచ్చెను. మంత్రి మనస్సు కొంతవరకు మెత్తబడియున్నచోట ఆమె లెక్క గెలిచినది. వినుటకే ఇష్టపడని చోట ఓడినది. అయినను ఆమె వ్రాయుట మానలేదు. నేడు వినని మాట రేపటివారికి సాక్ష్యముగా మిగులునుగదా. 1910 ఆగస్టు 13న, తొంబదియవ యేట ఆమె కన్నుమూసెను.

మన యిండ్లలో

పాలవాని లెక్కను, బియ్యపు లెక్కను గోడమీది క్యాలెండరుపై గుర్తుపెట్టుకొనని గృహిణి యెవరు? బిడ్డకు జ్వరము ఎన్నడు వచ్చినది, ఎంత వచ్చినది, ఏ మందిచ్చిన తగ్గినది అని వ్రాసియుంచిన తల్లి డాక్టరు ముందు తడబడదు. వీధి కుళాయిలో మురుగునీరు వచ్చుచున్నదని అధికారులతో పదిమంది పదివిధములుగా కేకలు వేసిన ఫలముండదు. ఏయే యిండ్లలో, ఏయే తేదీలలో వాంతులు, విరేచనములు పట్టినవో ఒక కాగితముపై వ్రాసి, ఇరుగుపొరుగు స్త్రీలందరును సంతకములు చేసి యిచ్చినచో ఆ కాగితమును త్రోసివేయుట యే యధికారికైనను సులభము కాదు. నేడు మన తెలుగునాట పొదుపు సంఘముల స్త్రీలు తమ పుస్తకములను తామే వ్రాసికొనుచున్నారు. ఆ పుస్తకములలో డబ్బు లెక్కయే కాక తమ యూరి నీటి లెక్కను, జబ్బు లెక్కను, బడి మానిన పిల్లల లెక్కను గూడ చేర్చినచో ఎంత బలము!

సోదరీమణులారా! దయగల హృదయము మనకు కొఱవడలేదు. దానికి తోడు, వ్రాసి పెట్టుకొను అలవాటును, వ్రాసినది సరిగా నున్నదో లేదో మరల చూచుకొను ఓపికను, తగిన సమయమున తగినవారికి చెప్పు నేర్పును అలవరచుకొందము. ఈ రాత్రి ఇంటిపనులు ముగిసినపిమ్మట ఒక పాత నోటుపుస్తకమును తీసి, మన యింటనో, వీధిలోనో మనలను బాధించుచున్న సంగతి నొక దానిని తేదీ వేసి వ్రాయుదము. నైటింగేలు కన్యయు మొదట చేసినది అంతియే.